సోమిదచెట్టు – రాక్స్‌బరో

నల్లమలలోను, కడప కొండలలోను తిరిగినవారికి సోమిదచెట్టు కొత్త కాదు. చేదైన దాని ఎర్రబెరడును కాచి జ్వరములకు త్రాగించుట, కీళ్లవాపులకు పట్టు వేయుట పూర్వమునుండి ఉన్న వాడుక. ఆ జ్వరపు వాడుకను పరీక్షకు పెట్టినవాడు విలియం రాక్స్‌బరో.

ఆయన 1751లో స్కాట్లండున పుట్టి, ఎడింబరోలో వైద్యము చదివి, 1776లో మద్రాసు వైద్యశాఖలో చేరెను. 1781 నుండి సామర్లకోటలో ఉండి మొక్కలు పెంచెను. మనదేశపు చిత్రకారులచేత వాని బొమ్మలు వ్రాయించెను.

ఆ కాలమున ఐరోపా వైద్యులు చలిజ్వరమునకు నమ్మిన మందు పెరూ దేశపు సింకోనా బెరడు. అది సముద్రములు దాటి రావలెను. ఖరీదు హెచ్చు, కల్తీయు హెచ్చు. మన కొండలలో దొరకు సోమిద దానికి బదులగునా? రాక్స్‌బరో రెండు బెరడుల శక్తిని పోల్చి చూచెను. ఆ ప్రయోగముల వివరము 1793లో లండనులో అచ్చయ్యెను. మరుసటి ఏట ఎడింబరోలో ఆండ్రూ డంకన్ అను విద్యార్థి ఈ బెరడుమీదనే తన వైద్యపట్టపు వ్యాసము వ్రాసెను. అచటి ఔషధగ్రంథమునకును ఇది ఎక్కెను.

అయినను ఆశ పూర్తిగా ఫలింపలేదు. చేదు, వగరు ఉన్నవి గాని సింకోనాలోని క్వినైను ఇందులో లేదు. మోతాదు మించినచో తల తిరిగి మత్తు కమ్మునని తరువాతి వైద్యులు గమనించిరి. ఇందుకు రాక్స్‌బరోను తప్పుపట్టరాదు. క్వినైనును వేరుచేసినదే 1820లో. 1793 నుండి 1813 వరకు కలకత్తా వృక్షవనమును నడపిన ఆయన, 1815లోనే ఎడింబరోలో కన్నుమూసెను.

1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జస్యూ ఈ చెట్టును మహాగనినుండి విడదీసి వేరొక ప్రజాతిగా నిలిపెను. దానికి పెట్టిన పేరు సోయ్మిడా. అది మన సోమిదయే.