నార్త్‌ఫీల్డ్‌లో ఆరు వారాలు

బర్మింగ్‌హామ్‌లో మేముండే చోటు నుంచి నార్త్‌ఫీల్డ్ వైపు వెళ్తే పాత హాలీమూర్ ఆసుపత్రి నీళ్ల టవర్ కనిపిస్తుంది. అక్కడ పనిచేసిన విల్‌ఫ్రెడ్ బయాన్ గురించి నాకు తెలిసింది మాత్రం మా తెలుగు సంఘంలో గొడవ వచ్చాకే. ఉగాది ఖర్చుల లెక్క దగ్గర మొదలై కమిటీ రెండు వర్గాలైంది. కార్యదర్శిని నేనే.

బయాన్ 1897లో మథురలో పుట్టారు. తండ్రి నీటిపారుదల ఇంజినీరు. ఎనిమిదేళ్ల వయసులో ఆయన్ని చదువు కోసం ఇంగ్లండ్‌లోని బోర్డింగ్ స్కూలుకు పంపేశారు. మళ్లీ ఇండియా చూడనే లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ట్యాంకు దళ అధికారిగా శౌర్య పతకం అందుకుని, తర్వాత చరిత్ర, ఆపైన వైద్యం చదివి మానసిక వైద్యుడయ్యారు.

రెండో యుద్ధంలో సైనికాధికారుల ఎంపికకు ఆయన కొత్త పరీక్ష పెట్టారు. నాయకుణ్ని చెప్పకుండా ఓ బృందానికి పని అప్పగించి, పక్కవాణ్ని ఎవరు పట్టించుకుంటున్నారో గమనించడం. మన పిల్లలు ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలో చేసే బృంద పరీక్షల మూలం ఇదే.

1942–43 చలికాలంలో నార్త్‌ఫీల్డ్ సైనిక ఆసుపత్రిలో ఒక విభాగం ఆయన చేతికొచ్చింది. వార్డు మురికి, క్రమశిక్షణ లేదు. కొందరు పని ఎగ్గొడుతున్నారని సైనికులు ఫిర్యాదు చేస్తే ఆయన ఎవర్నీ శిక్షించలేదు. అది అందరి సమస్య, అందరూ కలిసే చూడాలన్నారు. ప్రతి ఒక్కరూ వడ్రంగమో, మ్యాపులు చదవడమో ఏదో ఒక బృందంలో చేరాలి. రోజూ మధ్యాహ్నం అందరూ ఒకచోట కూడాలి. కొన్నాళ్లకు వార్డును వాళ్లే శుభ్రం చేసుకోసాగారు. పై అధికారులు మాత్రం ఆరు వారాలకే ఆపేశారు!

యుద్ధం తర్వాత లండన్ టావిస్టాక్ క్లినిక్‌లో బృందాల మధ్య ఆయన దాదాపు మౌనంగా కూర్చునేవారు. జనం విసుక్కునేవారు. అసలు పని వదిలేసి బృందాలు పట్టే దారులు మూడని 1961 నాటి పుస్తకంలో రాశారు: అంతా నాయకుడే చూసుకుంటాడనుకోవడం, శత్రువుని వెతికి పోట్లాడటమో పారిపోవడమో, ఎవరో ఇద్దరు కలిసి గట్టెక్కిస్తారని ఎదురుచూడటం. మూడూ మా కమిటీలో చూశాను. మొదటి దానికి కారణం చాలావరకు నేనే. అడగకుండానే అన్నీ నెత్తిన వేసుకునేవాణ్ని.

1979లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు.

పోయిన నెల సమావేశంలో రసీదుల కవరు బల్ల మీద పెట్టి ఊరుకున్నాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి వంటలు చూసే పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని రసీదులు చదవడం మొదలెట్టారు. అవతలి వర్గం కుర్రాడు పెన్ను తీసి రాసుకున్నాడు. లెక్క హాలు డిపాజిట్ దగ్గర ఆగింది. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.