త్యాగరాజస్వామి ఎదుట నాగరత్నమ్మ

తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఎదురుగా చేతులు జోడించి కూర్చున్న స్త్రీ విగ్రహం ఒకటి ఉంది. ఆరాధనకు వెళ్లిన మనలో చాలామందిమి పంచరత్నాలు మొదలైపోతాయన్న తొందరలో అటు ఒకసారి చూసి ముందుకు సాగిపోతాం. ఆ సమాధి మందిరాన్ని కట్టించింది ఆమే, బెంగళూరు నాగరత్నమ్మ.

ఆమె 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో ఒక దేవదాసికి పుట్టారు. కన్నడం, తెలుగు, సంస్కృతం చదువుకున్నారు. మైసూరు, బెంగళూరులలో పాడి పేరు తెచ్చుకుని మద్రాసు చేరారు. పెళ్లి లేదు, అత్తిల్లు లేదు. సొంత సంపాదనతో సొంత ఇల్లు నడుపుకున్నారు. ఆ బతుకును ఆమె ఎంచుకున్నారని అనలేం, పుట్టుకతో వచ్చింది. దానితో ఏం చేయాలన్నది మాత్రం ఆమె నిర్ణయమే.

తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ పాత అచ్చులో కొన్ని పద్యాలు ఎగిరిపోయాయని, కవయిత్రి తన గురించి చెప్పుకున్నవీ లేవని ఆమె గమనించారు. రాతప్రతి సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్ళ వారి ద్వారా పూర్తి కావ్యాన్ని వేయించారు. ఆడది ఇంత శృంగారం రాయవచ్చా అని ఆక్షేపించిన వీరేశలింగం గారికి, మగవాళ్లు రాస్తే లేని తప్పు ఇక్కడెందుకని జవాబిచ్చారు. పుస్తకాన్ని తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. కన్నడ సీమలో పుట్టి, మద్రాసులో స్థిరపడిన మనిషి ఒక తెలుగు కావ్యం కోసం ఇంత గొడవ పడ్డారు!

త్యాగరాజు సమాధి పాడుబడి ఉందని తెలిసి, 1921లో పని మొదలుపెట్టి తన డబ్బు అందులో పోశారు. 1925లో కుంభాభిషేకం జరిగింది. అయితే అప్పట్లో ఆరాధన నడిపే రెండు పక్షాలూ ఆడవాళ్లను పాడనిచ్చేవి కావు. గుడి కట్టించిన మనిషికే గొంతు విప్పే వీలు లేదు. ఆమె గొడవపడి కూర్చోలేదు. తోటి గాయనులను కూడగట్టి, సమాధి వెనకవైపు వేరుగా ఆరాధన చేయించారు. ఏటేటా ఆ బృందం పెరిగింది. 1940 ప్రాంతంలో పక్షాలన్నీ కలిసిపోయాయి. ఆడవాళ్లు అందరితో పాటు కూర్చుని పాడారు.

చివరి ఏళ్లు తిరువయ్యారులోనే గడిపారు. ఆస్తిని సమాధి సేవకే విల్లు రాశారు. అక్కడ ఆడవాళ్లు కూడా పూజ చేసి పాడే హక్కు ఉండాలని అందులో షరతు పెట్టారు. 1952 మేలో కన్నుమూశారు. ఆమె సమాధి కూడా అక్కడే, స్వామికి నాలుగడుగుల దూరంలో ఉంది.