పాగోలు వెంకయ్య – తెలియని దేవునికి చేసిన ప్రార్థన

ధ్యాన భాగము: రోమీయులకు 10:13–17

విశ్వాసమనగా ఏమి? అది దేనిమీద నిలుచును? ఈ ప్రశ్నకు మన బెజవాడ ప్రాంతములోనే ఒక మనుష్యుని జీవితము జవాబు చెప్పుచున్నది. ఆయన రాఘవాపురమునకు చెందిన పాగోలు వెంకయ్యగారు. మన పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిన ఆయన సంగతిని ఈ నెల ధ్యానింతము.

చర్చి మిషనరీ సొసైటీవారు 1841లో హెన్రీ ఫాక్సు, రాబర్టు నోబులు అను ఇరువురిని బందరు పంపిరి. 1843లో నోబులు దొరగారు అచ్చట బడి స్థాపించిరి. 1852లో ఆ బడి విద్యార్థులైన ఐనాల భూషణము, మంచాల రత్నము అను అగ్రవర్ణ యువకులు బాప్తిస్మము పొందగా పట్టణమంతయు కలవరపడెను. అయితే పల్లెలలో సువార్తకు ఫలము అప్పటికి బహు కొద్ది.

వెంకయ్యగారు మాలపల్లెలో పుట్టినవారు. ఆ దినములలో మాలపల్లె బిడ్డకు బడి లేదు, గుడి ప్రవేశము లేదు, ఊరి బావి నీరు లేదు. యౌవనములో ఆయన దోపిడిగాండ్రతో తిరిగిన మొరటు మనిషియని చెప్పుదురు. అట్టివాడు విగ్రహములు దేవుడు కావనియు, అందరికిని పైగా ఒక గొప్ప దేవుడున్నాడనియు ఎవరి నోటనో వినెను. ఆ మాట ఆయన మనస్సును విడువలేదు. ఆ దేవుని పేరు తెలియదు. ఆయన గుణము తెలియదు. తెలిసినవారు దగ్గర లేరు. అయినను వెంకయ్య ఆ దేవునికే మొఱ్ఱపెట్టుట మొదలుపెట్టెను. నీవు ఎవరవు, ఎక్కడనున్నావు, నాకు కనబడుమని అడుగుటే ఆయన ప్రార్థన. చాలకాలము ఆ ఒక్క ప్రార్థనతోనే గడిపెను.

తుదకు కృష్ణ స్నానమునకు జనులు కూడిన పండుగ సమయమున ఆయన బెజవాడ వచ్చెనట. అక్కడ ఒక బ్రాహ్మణుని తన ప్రశ్న అడుగగా, ఆయన మిషనరీ బంగళా చూపించెనని చెప్పుదురు. ఆ బంగళాలోనుండిన డార్లింగు దొరగారు యేసు క్రీస్తు ప్రభువును గూర్చి బోధించిరి. తాను ఇంతకాలము వెదకిన దేవుడు ఈయనే అని వెంకయ్య అప్పుడే గుర్తించెను. 1859లో ఆయనయు ఆయన ఇంటివారును బాప్తిస్మము పొందిరి. ఆయన ఊరకుండక బంధువులకును చుట్టుపట్ల పల్లెలకును ఆ వార్త మోసికొనిపోయెను. నేడు మన పల్లెలలోనున్న అనేక సంఘములకు మూలము ఆ కాలపు సాక్ష్యములోనే ఉన్నది.

ఇప్పుడు గమనించుడి. వెంకయ్యగారి వెదకుట గొప్పదే. అయినను ఆయనను రక్షించినది ఆ వెదకుట కాదు. ఆయన ప్రార్థన ఎంత పట్టుదలగలదైనను, క్రీస్తును గూర్చి వినువరకు అది ప్రశ్నగానే నిలిచెను. వినుటవలన విశ్వాసము కలుగునని పౌలు రోమా సంఘమునకు వ్రాసిన సంగతి ఇదే. ఏథెన్సు పట్టణస్థులు తెలియని దేవునికి బలిపీఠము కట్టుకొనిరి. ఆ దేవుడెవరో పౌలు వచ్చి తెలియజేయవలసి వచ్చెను. (అపొ. కార్య. 17)

వెంకయ్యగారు బాప్తిస్మము పొందుటకు నాలుగేండ్ల ముందు, 1855లో, బెజవాడ ఆనకట్ట పూర్తియాయెను. కాలువ నీటితో సేద్యము చేయు మీకు ఒక సంగతి తెలియును. కాలువ నీరు పుట్టించదు. ఎంత లోతుగా త్రవ్వినను, ఎంత బాగుగా గట్లు వేసినను, కృష్ణలో నీరు లేనియెడల కాలువ ఎండవలసినదే. విశ్వాసము కాలువవంటిది. క్రీస్తు నదివంటివాడు. మన నమ్మకము బలమైనదని కాదు, మనము నమ్మినవాడు నమ్మదగినవాడని మనకు ధైర్యము. సన్న కాలువలో కూడ పారునది ఆ నది నీరే.

కావున బిడ్డ జబ్బుపడినప్పుడు, తుపానుకు కోతకు వచ్చిన చేను నేలకు ఒరిగినప్పుడు, నా విశ్వాసము చాలలేదు గనుకనే ఇట్లు జరిగినదని కొందరు కుమిలిపోవుదురు. ఇరుగుపొరుగువారు ఆ మాటనే అని గాయము పెంచుదురు. అట్లు అనకుడి. కుమారుని నిమిత్తము ప్రభువునొద్దకు వచ్చిన తండ్రి తన అపనమ్మకమును దాచుకొనలేదు. దానిని కూడ ప్రభువు ముందే పెట్టెను. ప్రభువు అతనిని త్రోసివేయలేదు. (మార్కు 9)

మరియొక మాట. మనలో అనేకులము క్రైస్తవ గృహములలో పుట్టినవారము. పేరు బైబిలులోనిది, పాటలు కంఠస్థము, క్రిస్మసుకు కొత్త బట్టలు. అయితే నీవు ఎవరవని దేవుని ఒక్కసారియైనను మనసారా అడిగితిమా? తాత ఇచ్చిన పొలమునకు పట్టా మన పేర మారవచ్చును గాని, తాత విశ్వాసము అట్లు మారదు. వెంకయ్యగారికి బైబిలు లేకపోయెను, ప్రశ్న ఉండెను. మన ఇంట బైబిలున్నది. ప్రశ్న లేకుండ పోయినదేమో చూచుకొందము.

ఈ నెలలో ప్రతి కుటుంబము రాత్రి దీపము ఆర్పకముందు మార్కు సువార్తలో ఒక్కొక్క అధ్యాయము చదువుకొనుడి. చదువురానివారికి పిల్లలు చదివి వినిపించవలెను. చదువుటకు ముందు వెంకయ్యగారి ప్రార్థననే చేయుడి. ఆ ప్రార్థన విని మాలపల్లెలోని ఒక మొరటు మనిషికి తన్ను తాను కనబరచుకొనిన దేవుడు మనకును కనబరచుకొనును గాక. ఆమేన్.