భాండారి బసవన్న : దాసోహములోని ధర్మము

ఉన్నవాడు లేనివానికి పెట్టవలెనని లోకమున అందఱును ఒప్పుకొందురు. కాని ఎవరి సొమ్ము, ఎవరికి, ఎంత, ఏ లెక్కన పెట్టవలెనను ప్రశ్న వచ్చినంతనే మాటలు మారిపోవును. నా కష్టార్జితము నేను తినుట న్యాయమని ఒకడనును. ఒకని గాదెలో ధాన్యము పురుగుపట్టుచుండగా పొరుగువాడు పస్తుండుట అన్యాయమని వేఱొకడనును. రాజు బొక్కసము నుండి పంచినచో, అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లున్నదని మూడవవాడు పరిహసించును. ఈ మూడు మాటలును ఎనిమిది వందల యేండ్ల క్రిందటనే కల్యాణ నగర వీథులలో వినబడినవి. వానికి తన నడవడితో సమాధానము చెప్పినవాడు బిజ్జలుని భాండారియైన బసవేశ్వరుడు.

ఆ మహనీయుని చరిత్ర మన పాఠకులకు క్రొత్త కాదు. అయినను భక్తిభాండారియని నిత్యము స్మరించు మనము, రాజభాండారిగా ఆయన నడచిన త్రోవను అంతగా విచారింపము. ఈ వ్యాసమున ఆ త్రోవనే కొంత పరికింతము.

అగ్రహారము నుండి సంగమమునకు

క్రీ.శ. 12వ శతాబ్దమున, నేటి కర్ణాటకములోని విజయపుర మండలమున బాగేవాడియందు మాదిరాజు, మాదాంబ అను బ్రాహ్మణ దంపతులకు బసవన్న జన్మించెను. ఆ కాలమున రాజులు బ్రాహ్మణులకును దేవాలయములకును భూములిచ్చి, పన్నులు మినహాయించి, ఆ మాటను శిలలపై చెక్కించుచుండిరి. ఆ భూములను దున్నినవాని పేరు శిలమీదికి ఎక్కుట అరుదు. బాలుడైన బసవన్న ఇట్టి పుట్టుక వలన కలిగెడి గౌరవమును చిన్ననాడే ప్రశ్నించెను. తండ్రి ఉపనయనమునకు పూనుకొనగా నిరాకరించి, ఇల్లు విడిచి, అక్క నాగమాంబతో కూడి, కృష్ణా మలప్రభా నదులు కలియు కూడలి సంగమమునకు చేరెను. అచట సంగమేశ్వరుని సేవలోను, విద్యాభ్యాసములోను ఆయన యౌవనము గడచెను.

అగ్రహారమునకు వెలుపల ఎండలో పనిచేయు మాదిగ, చాకలి, మేదర, నేతగాడు మొదలగువారి బ్రదుకును ఆయన మఱువలేదు. తరువాత ఆయన చేసిన కార్యమున కంతటికిని ఇదియే పునాది.

లెక్క తెలిసిన భక్తుడు

బసవన్న మేనమామ బలదేవుడు బిజ్జలుని కొలువున దండనాయకుడు. తన కూతురు గంగాంబను బసవన్న కిచ్చి వివాహము చేసెను. బలదేవుని యనంతరము ఆ పదవి బసవన్నకు దక్కినదని మన సోమనాథుని కథనము. కన్నడ కవి హరిహరుడు మాత్రము, బసవన్న మొదట మంగళవాడలో కరణముల నడుమ లెక్కలు వ్రాయు చిన్న కొలువున చేరి పైకి వచ్చెనని చెప్పెను. రెండు కథలును ఒక్క విషయమున ఏకీభవించును. ఈయన రాజుగారి ధనమునకు కావలి కాచినవాడు.

కలచుర్య వంశీయుడైన బిజ్జలుడు చాళుక్యులకు మాండలికుడుగా నుండి, క్రమముగా కల్యాణమును వశపఱచుకొని, 1162 నాటికి స్వతంత్ర ప్రభువై నిలిచెను. ఆ కల్యాణమే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. 1956 వఱకు అది హైదరాబాదు రాష్ట్రమునందే యుండెను. కావున తెలంగాణ ప్రజలకు అది పరాయి ఊరు కాదు.

యుద్ధములతో గద్దెనెక్కిన ప్రభువు. చుట్టును సామంతులు, స్వార్థపరులైన మంత్రులు. నడుమ బొక్కసపు తాళపుచెవి బసవన్న చేత నుండెను. ఇట్టి పదవిలో సాధారణముగా మనుష్యుడు తన ఇల్లు చక్కబెట్టుకొనును. బసవన్న ఇల్లు మహామనెయై, వచ్చినవారి కెల్ల అన్నము పెట్టు దాసోహశాల అయ్యెను. తనకై కూడబెట్టనని ప్రతిజ్ఞ చేసిన వచనములును ఆయనవి కలవు.

దానము వేఱు, దాసోహము వేఱు

దానమిచ్చునపుడు ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద నుండును. ఇచ్చినవానికి పుణ్యము, కీర్తి. పుచ్చుకొన్నవానికి కడుపు నిండినను తల వంగును. దాసోహమున దీనికి విపర్యయముగా ఇచ్చువాడే దాసుడు. ఎదుట నిలిచినవాడు జంగమస్వరూపుడు గావున, పెట్టుట ఉపకారము కాదు, తీర్చవలసిన ఋణము. ఈ భావము మనస్సున నాటినచో ధనవంతునికి గర్వమును, పేదవానికి న్యూనతయును ఉండవు.

అయితే ఇచట నొక చిక్కు కలదు. ఊరక అన్నము దొరకునన్నచో పని చేయువాడెవడు? ఈ శంక నేటిది కాదు. దీనికి బసవన్నయు శరణులును చూపిన సమాధానము కాయకము. గురువైనను, జంగముడైనను, సామాన్యుడైనను తన చేతులతో పని చేయవలెను. ఆ పని ధర్మముగా నుండవలెను. దానివలన వచ్చిన దానిలో తన యవసరమునకు మిగిలినది సమాజమునకు చెందవలెను. కాయకము లేని దాసోహము పరుల సొమ్ముతో పేరు తెచ్చుకొనుట. దాసోహము లేని కాయకము గాదెలు నింపుకొనుట. రెండును కలిసిననే ధర్మము.

గురువునకే పాఠము చెప్పిన ఇల్లాలు

ఈ ధర్మమును బసవన్న ఒక్కడే బోధించి, తక్కినవారు విని తలయూపిరని అనుకొనరాదు. ఒక్కొక్కప్పుడు ఆయనకే శరణులు పాఠము చెప్పిరి.

నేటి రాయచూరు ప్రాంతమునుండి మారయ్య, లక్కమ్మ అను దంపతులు కల్యాణమునకు వచ్చిరి. మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆయనను ఆయ్దక్కి మారయ్య అందురు. కన్నడమున ఆ మాటకు ఏరిన బియ్యమని అర్థము. ఆ గింజలతోనే వారు వండుకొని, జంగములకు పెట్టి, మిగిలినది తినుచుండిరి. ఒకనాడు మారయ్య అలవాటునకు మించి బియ్యము తెచ్చెను. ఆ దంపతుల పేదఱికమునకు జాలిపడి బసవన్నయే కావలెనని గింజలు ఎక్కువగా చల్లించెనని చెప్పుదురు.

లక్కమ్మ ఆ మూటను చూచి సంతోషింపలేదు. ఇది మన ఆశయా, లేక బసవన్న జాలియా యని భర్తను నిలదీసెను. నిత్యము తెచ్చు కొలతకు మించినది మనది కాదని, మిగిలిన బియ్యమును వచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను. మారయ్య అట్లే చేసెను. పేదఱికము చేతిలోని గింజల లెక్కలో లేదనియు, మనస్సులోని ఆశయందున్నదనియు ఆమె యెఱుగును. ఆ పిడికెడు బియ్యముతోనే ఆమె బసవన్నకును అసంఖ్యాకులైన జంగములకును విందు చేసినట్లు శరణచరిత్ర చెప్పును.

ఈ కథను మనము లక్కమ్మ నిరాశకు మెచ్చుకొని విడిచిపెట్టుదుము. ఇందు బసవన్నకు తగిలిన దెబ్బను కూడ చూడవలెను. ఎదుటివాని కాయకమును దాటి, వాని కెఱుకలేకుండ జాలిగా విసరిన గింజ, దాసోహమనిపించుకొనదు. అది మఱల పాత దానమే. మంత్రియైనవానికి ఈ సంగతి ఒక బియ్యమేరుకొను ఇల్లాలు తెలిపినది. ఆయన దానిని అవమానముగా తలంపక శిరసా వహించెను.

మోళిగె మారయ్య కథయు ఇట్టిదే. కాశ్మీర రాజ్యము విడిచి, భార్యతో కల్యాణము చేరి, కట్టెలమోపు అమ్ముకొని జంగములను అర్చించుచుండిన భక్తుడాతడు. ఆయన లేని వేళ బసవన్న ఆ గుడిసెకు పోయి, రహస్యముగా మాడలు విడిచి వచ్చెను. మారయ్య ఆ ధనమును తన కుంచుకొనక జంగములకు పంచిపెట్టెను. నులక పేని అమ్ముకొను చందయ్యయు, బసవన్న తన మోకునకు తగిన వెలను మించి ఇచ్చిన ధనమును ఒల్లలేదని శరణులు చెప్పుకొందురు. తక్కువ వెల ఇచ్చి శ్రామికుని దోచుట అన్యాయమని అందఱికిని తెలియును. జాలితో ఎక్కువ ఇచ్చుటయు ఆతని కాయకమును చిన్నబుచ్చవచ్చునని ఈ శరణుల నుండియే తెలియవలెను.

బొక్కసము తెఱచిన దినము

బసవన్న కీర్తి పెరిగినకొలది ఓర్వలేనివారును పెరిగిరి. రాజుగారి సొమ్మును జంగములకు దోచిపెట్టుచున్నాడని బిజ్జలునికి కొండెములు చెప్పిరి. రాజునకు అనుమానము పుట్టెను. లెక్క చూపుమని అడిగెను. బసవన్న పెట్టెలన్నియు తెఱపించి, రాజు ఎదుటనే లెక్కింపించెను. ఒక మాడయు తక్కువ కాలేదు. కొండెగాండ్రు తలలు వంచుకొనిరి.

పురాణము దీనిని శివమహిమగా వర్ణించును. భక్తులకు అది మహిమయే. అందులో లోకధర్మమును కలదు. ధర్మకార్యమునకు లెక్క యేల యని బసవన్న అనలేదు. నన్నే అనుమానింతురా యని కోపింపలేదు. ప్రజల నుండి వచ్చిన ధనమునకు లెక్క అడుగుట రాజు హక్కు, చూపుట భాండారి విధియని గ్రహించి తాళము తీసెను.

దీని ప్రక్కన ఆయన సొంత సొమ్ము కథను పెట్టి చూడవలెను. తన ఆవులను దొంగలు తోలుకొనిపోగా, తల్లులు లేక దూడలు అలమటించునని తలంచి, ఆ దూడలను కూడ వారికే అప్పగింప చెప్పెనట. తన సొత్తు విషయమున దొంగకును అడ్డు చెప్పనివాడు, ఊరి సొత్తు విషయమున ఒక మాడకును లెక్క చూపినవాడు. నేడు లోకమున దీనికి విరుద్ధముగా నడచుచుండుట మన మెఱుగుదుము. సొంత సొమ్మునకు గట్టి తాళము, ఊరి సొమ్మునకు తెఱచిన తలుపు.

సమత్వమునకు చెల్లించిన మూల్యము

ధనమును పంచినంతవఱకు కల్యాణములోని పెద్దలు గొణుగుకొనిరేగాని పైబడలేదు. గౌరవమును పంచినపుడు సహింపలేకపోయిరి. చెప్పులు కుట్టు హరళయ్యయు, బ్రాహ్మణ మంత్రి మధువయ్యయు శరణులై తమ బిడ్డలకు వివాహము చేసినట్లు సంప్రదాయము. బిజ్జలుడు ఆ యిరువురిని క్రూరముగా శిక్షించెను. కల్యాణము అట్టుడికినట్లుడికెను. బసవన్న పదవిని విడిచి కూడలి సంగమమునకు పోయి అచటనే లింగైక్యము నొందెను. బిజ్జలుడు హతుడయ్యెను. చెన్నబసవన్న మొదలగు శరణులు ఉళవి దెసకు తరలిపోయిరి.

అన్నము పెట్టినపుడు మెచ్చుకొన్నవారే ప్రక్కన కూర్చుండ బెట్టుకొనుమన్నపుడు కత్తి దూసిరి. సంపదను పంచుటకంటె సమత్వమును పంచుట కష్టమని కల్యాణ చరిత్ర చెప్పుచున్నది.

చెదరిన శరణుల మాట మాత్రము చెదరలేదు. 1260 నాటి అర్జునవాడ శాసనమున బసవన్న వంశము పేర్కొనబడినది. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు భక్తుల నోట వినిన కథలను సామాన్యులకు తెలియు ద్విపదలో బసవపురాణముగా రచించెను. దానిని 1369లో భీమకవి కన్నడమునకు కొనిపోయెను. కన్నడ నాట జరిగిన చరిత్ర తెలుగున కావ్యమై, మఱల కన్నడమునకు చేరుట మన రెండు భాషలకును గర్వకారణము. 2006లో భారత ప్రభుత్వము బసవేశ్వరుని రూపముతో నాణెములు వెలువరించెను. తనకై కూడబెట్టని భాండారి మూర్తి నాణెముపై నిలుచుట చిత్రమే.

మనకు మిగిలిన పని

నేడు రాజులు లేరు. పన్ను కట్టువారమును మనమే, ప్రభువులను ఎన్నుకొనువారమును మనమే. చౌకబియ్యము, పింఛను మున్నగు వానిని గూర్చి రచ్చబండల మీద వాదములు జరుగుచునే యున్నవి. పుచ్చుకొనువారిని సోమరులని నిందించువారు కొందఱు. అర్హత లేకయే వరుసలో నిలుచువారు కొందఱు. నడుమ చేయి తడుపుకొనువారు మఱికొందఱు. బసవన్న చరిత్ర ఈ ముగ్గురికిని చెప్పవలసినది చెప్పుచునే యున్నది. పెట్టువాడు దాసుడై పెట్టవలెను. పుచ్చుకొనువాడు లక్కమ్మవలె తన కొలత తానెఱుగవలెను. పంచువాడు పెట్టె తెఱచి లెక్క చూపవలెను.

మన మఠములును ఈ ధర్మమునకు వారసులే. తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమారస్వాములవారు 2019లో 111 యేండ్ల వయస్సున లింగైక్యము నొందువఱకు, కులమతభేదము లేక వేలకొలది బాలురకు అన్నమును విద్యను ప్రసాదించిరి. ప్రతి మఠమునకును అంత శక్తి యుండకపోవచ్చును. ఉన్నంతలో దాసోహము నడపుట, భక్తులిచ్చిన కానుకలకు ఏటేట భక్తుల యెదుటనే లెక్క చదువుట, పంక్తిలో ఎవరిని ఎచట కూర్చుండబెట్టుచున్నామో తామే గమనించుకొనుట ఎల్లరకును సాధ్యమే. గృహస్థులు బసవ జయంతినాడు పూజతోపాటు, తమ యింట పనిచేయువారి కూలి సరిగా నున్నదో లేదో ఒకసారి విచారించుకొందురు గాక. ఆ విచారణయు బసవపూజయే.