వేగమునకు నియమము కనుగొన్న గెలీలియో

ఇటలీ దేశమందలి పీసా నగరమున 1564 ఫిబ్రవరి 15వ తేదీన గెలీలియో జన్మించెను. తండ్రి విన్సెంజో సంగీత విద్వాంసుడు. కుమారుడు వైద్యుడు కావలెనని ఆయన కోరిక. 1581లో గెలీలియో పీసా విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకై చేరెను గాని, మనసు గణితమునందే లగ్నమయ్యెను. పట్టము పొందకయే 1585లో చదువు విడిచెను. 1589లో అచ్చటనే గణితాచార్యుడయ్యెను. 1592లో పాడువాకు తరలి పదునెనిమిదేండ్లు బోధించెను.

బరువైన వస్తువు తేలిక వస్తువుకంటె వేగముగా పడునని అరిస్టాటిల్ నాటినుండి పండితులు నమ్ముచుండిరి. పడు వస్తువును కన్ను వెంబడింపజాలదు. అంత స్వల్పకాలమును కొలువగల గడియారమును నాడు లేదు. అందుచేత గెలీలియో వాలుపలకపై గాడి చెక్కించి, అందు కంచుగుండును దొర్లించెను. వాలు తగ్గినకొలది గుండు నడక మందగించును. తొట్టినుండి సన్నని ధారగా కారు నీటిని పాత్రలో పట్టి, దానిని తూచి కాలమును నిర్ణయించెను.

తొలుత ఆయనయే పొరబడెను. పడిన దూరమును బట్టి వేగము పెరుగునని 1604లో తలచెను. పిమ్మట ఆ తలంపును తానే త్రోసిపుచ్చి, గడచిన కాలమును బట్టియే వేగము పెరుగునని స్థిరపరచెను. కాలమును సమభాగములు చేసి, మొదటి భాగము ముగియునప్పటికి వేగము 2 అనుకొందము. తరువాతి భాగముల చివర అది 4, 6, 8 అగును. ఆయా భాగములలో సగటు వేగము 1, 3, 5, 7. గుండు దొర్లిన దూరములును ఆ నిష్పత్తిలోనే యుండును. వానిని వరుసగా కూడినచో 1, 4, 9, 16 వచ్చును. అనగా మొత్తము దూరము కాలము యొక్క వర్గమును అనుసరించును. క్షణక్షణము మారు వేగమునకు సైతము నియమము కలదని ఇట్లు తేలెను.

భూమి సూర్యుని చుట్టు తిరుగునను వాదమును సమర్థించినందులకు 1633లో రోము నగరపు మతన్యాయస్థానము ఆయనను శిక్షించెను. ఫ్లారెన్సు చెంతనున్న ఆర్చెత్రిలోని నివాసమే ఆయనకు చెరసాల అయ్యెను. మరుసటి యేట ప్రియపుత్రిక మరియా చెలెస్తె మరణించెను. అయినను ఆ వృద్ధుడు కలము విడువలేదు. చలనమును గూర్చిన ఆయన గ్రంథము 1638లో హాలండు దేశమందలి లైడెన్ నగరమున అచ్చయ్యెను. అప్పటికి ఆయన రెండు కన్నులును చూపు కోల్పోయినవి. 1642 జనవరి 8వ తేదీన గెలీలియో మరణించెను.

దూరమును కాలముచే భాగించి వేగమును చెప్పు నేటి పద్ధతి ఆయన ఎరుగడు. దూరమును దూరముతోను, కాలమును కాలముతోను పోల్చుటయే ఎరుగును. తన తప్పును తాను దిద్దుకొనగలిగినందుననే ఆ పోలికనుండి సత్యమును రాబట్టగలిగెను.