సముద్రం నీలం ఎందుకు?

బాల్యం విశాఖలో గడిపిన సి.వి. రామన్ 1907లో కలకత్తాలో ఆర్థికశాఖ అధికారిగా చేరారు. ఆఫీసుకు ముందూ తర్వాతా బౌబజార్ వీధి ప్రయోగశాలలోనే మకాం. వీణ తీగైనా, మృదంగం మీది నల్లటి పూతైనా ఎందుకిలా అన్న ఆరానే. 1917లో పెద్ద జీతం వదులుకుని, అంతకంటే తక్కువకి ప్రొఫెసర్ అయ్యారు.

1921 ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలిమ ఆయన్ని పట్టేసింది. అది ఆకాశపు ప్రతిబింబమేనని లార్డ్ రేలీ అభిప్రాయం. రామన్ వెంట ఉన్న నికోల్ పట్టకంతో నీటి మీది మెరుపును అడ్డుకుని చూశారు. నీలం పోలేదు. నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయన్నమాట. (ఎరుపును నీరు పీల్చుకోవడమూ కారణమే.)

ఆ దారిలోనే 1928లో కృష్ణన్‌తో కలిసి రామన్ ఎఫెక్ట్ కనిపెట్టారు. 1930లో నోబెల్. చివరి ఏళ్లలో పూల రంగుల వెంట పడ్డారు.