ఆస్కార్ షెల్‌బెర్గ్

ఆస్కార్ షెల్‌బెర్గ్ (1870 – 1931) స్వీడన్ దేశపు ఇంజనీరు, పారిశ్రామికవేత్త. పూత పూసిన వెల్డింగు కడ్డీని కనిపెట్టినవాడిగా ప్రసిద్ధుడు.

ఇతడు ఓడలలో ఇంజనీరుగా పనిచేశాడు. ఆవిరి బాయిలర్లలో రివెట్ల అతుకులు కారడం ఆనాటి పెద్ద చిక్కు. విద్యుత్ ఆర్క్‌తో ఇనుమును కరిగించి అతికే పద్ధతి అప్పటికే రష్యాలో పుట్టింది. కానీ వట్టి తీగతో వేసిన అతుకు గాలిలోని ఆక్సిజన్, నత్రజని సోకి పెళుసుబారేది. ఆవిరి పీడనాన్ని భరించవలసిన బాయిలరుకు ఇది ప్రాణాంతకమైన లోపమే.

1904లో గోథెన్‌బర్గ్‌లో ఎసాబ్ సంస్థను స్థాపించి ఓడల మరమ్మతులు చేపట్టిన షెల్‌బెర్గ్, ఇనుప తీగను కార్బొనేట్లు, సిలికేట్లు కలిపిన చిక్కని ద్రవంలో ముంచి ఆరబెట్టాడు. ఈ పూత కాలినపుడు వెలువడే వాయువు కరిగిన లోహానికి గాలి తగలనివ్వదు. మిగిలిన చిట్టెం అతుకుపై పొరగా గట్టిపడుతుంది; దానిని సుత్తితో రాలుస్తారు. 1907లో దీని పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1922లో జర్మనీలోని ఫిన్‌స్టర్‌వాల్డేలో మరో కర్మాగారం నెలకొల్పాడు.

కొండదారుల్లో నడిపే జీపుకు బంపరు వంటి భాగాలను ఇంటివద్దే చేసుకునేవారు నేటికీ కడ్డీ వెల్డింగు యంత్రాన్ని ఎంచుకోవడానికి ఈ పూతే ముఖ్య కారణం. దీనికి గ్యాసు సిలిండరు అక్కరలేదు, ఆరుబయట గాలి వీచినా పని సాగుతుంది. పలుచని రేకును మాత్రం ఇది తేలికగా చిల్లు పొడుస్తుంది.